గిటార్ తీగ ఎందుకు ఆ స్వరమే పలుకుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని లెక్కలన్నీ మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి వేసినవి: నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే అంచు) దాకా 648 మి.మీ. (25.5 అంగుళాలు), 10–46 స్ట్రింగ్ సెట్, స్టాండర్డ్ ట్యూనింగ్. అకూస్టిక్‌కి, నైలాన్ తీగలకి తేడా వచ్చిన చోట విడిగా చెప్పాం. అన్నిటికన్నా సన్నని తీగ ఒకటోది, లావుది ఆరోది. సెమీటోన్ అంటే పక్కపక్క ఫ్రెట్ల (మెడ మీది అడ్డు లోహపు పట్టీల) మధ్య ఉండే స్వరాంతరం. సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు.

ఆరు తీగల పొడవూ ఒకటే. మరి ఆరు స్వరాలు ఎలా వస్తున్నాయి?

తీగ స్థాయిని తేల్చేవి మూడే మూడు: పొడవు, బిగువు, మీటరుకు ఎంత బరువు ఉందన్నది. ఇంటర్ ఫిజిక్స్‌లో సోనామీటర్ ప్రయోగం చేసినవారికి ఇవి తెలిసినవే. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. బిగువు నాలుగు రెట్లయితేనే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. మీటరు బరువు నాలుగు రెట్లయితే పౌనఃపున్యం సగానికి పడిపోతుంది. ఫ్రెంచి మతాచార్యుడు మారిన్ మెర్సెన్ 1636లో అచ్చువేసిన సూత్రాలివి. ఇవాళ్టికీ గిటార్ తయారీలో వాడేది ఇవే.

ఒకటో తీగతో చూద్దాం. మందం 0.254 మి.మీ.; సెట్ పేరులోని 10 అంటే అంగుళంలో వెయ్యింట పది వంతులని అర్థం. ఈ తీగ మీటరు తూకం సుమారు 0.4 గ్రాము. బిగువు 7.4 కిలోలు. ఈ బిగువులో తీగ మీద అల సెకనుకు 427 మీటర్లు పరుగెత్తుతుంది, అంటే గాలిలో ధ్వని కన్నా వేగంగా. నట్ నుంచి శాడిల్‌కి వెళ్లి తిరిగి రావడానికి 1.296 మీటర్లు. 427ని 1.296తో భాగిస్తే 329.6 వస్తుంది. అదే ఒకటో తీగ పలికే ‘ఈ’ (E) స్వరం.

ఆరో తీగ బిగువు కూడా దాదాపు అంతే, 7.9 కిలోలు. కానీ మీటరు తూకం 6.8 గ్రాములు, ఒకటో తీగకి 17 రెట్లు. అందుకే దాని మీద అల సెకనుకు 107 మీటర్లే నడుస్తుంది, స్వరం 82.4 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. ఆరు తీగల లెక్క ఇదీ:

ఒకటి: ఈ, 329.63 హెర్ట్జ్, 10 గేజ్, 7.4 కిలోలు
రెండు: బి, 246.94 హెర్ట్జ్, 13 గేజ్, 7.0 కిలోలు
మూడు: జి, 196.00 హెర్ట్జ్, 17 గేజ్, 7.5 కిలోలు
నాలుగు: డి, 146.83 హెర్ట్జ్, 26 గేజ్ చుట్టు తీగ, 8.3 కిలోలు
ఐదు: ఏ, 110.00 హెర్ట్జ్, 36 గేజ్ చుట్టు తీగ, 8.8 కిలోలు
ఆరు: ఈ, 82.41 హెర్ట్జ్, 46 గేజ్ చుట్టు తీగ, 7.9 కిలోలు

మొత్తం 47 కిలోల లాగుడు. కంపెనీని బట్టి చుట్టు తీగల బిగువు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈ జాబితాలో చూడవలసింది కిలోల వరుస: పైనుంచి కిందికి పెద్దగా మారలేదు. స్వరాలను వేరు చేసే పని అంతా బరువుదే. బిగువును చేతికి ఒకేలా తగిలేలా ఉంచారు.

అన్నీ ఒకే సన్న తీగలు వేసి, కింది స్వరాలకు వదులు చేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఆరో తీగ ఒకటో దానికి రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కింద ఉంటుంది, అంటే పౌనఃపున్యంలో నాలుగో వంతు. అంత కిందికి వదులు చేస్తే బిగువు పదహారో వంతుకు పడుతుంది: 7.4 కిలోలు కాస్తా 460 గ్రాములు. అలాంటి తీగ మీటగానే ఫ్రెట్ల మీద పడి గరగరలాడుతుంది. వేలు ఆనిస్తే చాలు, స్వరం ఎటో జారిపోతుంది.

సరే, లావుపాటి ఉక్కు తీగే వేస్తే? పైన ఆ చుట్టు ఎందుకు?

అదే బిగువులో ఆరో తీగ స్వరం రావాలంటే ఉక్కు తీగ నాలుగు రెట్లు మందం ఉండాలి, అంటే ఒక మిల్లీమీటరు. అది తీగ కాదు, చువ్వ. వంచితే వంగనంటుంది. ఈ బిరుసుతనమే స్వరాన్ని చెడగొడుతుంది.

మీటిన తీగ మూల స్వరం ఒక్కటే పలకదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల అనుస్వరాలు కూడా వెంట పలుకుతాయి. అవి కచ్చితమైన రెట్లలో ఉంటేనే చెవికి ఒకే స్వరంగా కలుస్తాయి. పై అనుస్వరాలకు తీగ చిన్న చిన్న వంపులుగా వంగాలి. బిరుసు తీగ అక్కడ ఎదురు తిరుగుతుంది, అనుస్వరం ఉండవలసిన చోటికన్నా పైకి పోతుంది. సన్నని ఒకటో తీగలో పదో అనుస్వరం ఒక్క సెంట్ మాత్రమే పైకి జరుగుతుంది, ఎవరికీ వినపడదు. మిల్లీమీటరు మందపు ఉక్కు తీగలో అదే పదో అనుస్వరం సుమారు 250 సెంట్లు, అంటే రెండున్నర సెమీటోన్లు పైకి పోతుంది. గంట కొట్టినట్టు, రేకు తట్టినట్టు ఉంటుంది ఆ మోత.

చుట్టు తీగ దీనికి విరుగుడు. లోపల సన్నని ఉక్కు తీగ బిగువును మోస్తుంది, పైన చుట్టిన నికెల్ లేదా కంచు బరువు మాత్రమే ఇస్తుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి విడిగా ఉంటాయి కాబట్టి వంగడానికి అడ్డు రావు.

ఫ్రెట్లు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయెందుకు? ఎక్కడెక్కడ వేయాలో లెక్క ఉందా?

ఒక్కో సెమీటోన్‌కి పౌనఃపున్యం 1.05946 రెట్లు పెరగాలి. ఆ సంఖ్యను పన్నెండుసార్లు గుణిస్తే సరిగ్గా రెండు వస్తుంది. అందువల్ల ప్రతి ఫ్రెట్ దగ్గరా మిగిలిన పొడవులో ఒకే వంతు తగ్గిస్తూ పోవాలి. మిగిలిన పొడవే తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఆ వంతు కూడా చిన్నదవుతుంది.

వేసే పద్ధతి: పొడవును 17.817తో భాగించండి. 648కి 36.4 మి.మీ. వస్తుంది, నట్ నుంచి అంత దూరంలో మొదటి ఫ్రెట్. మిగిలిన 611.6ని మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది. ఇలా పోతే నట్ నుంచి రెండో ఫ్రెట్ 70.7, మూడోది 103.1, ఐదోది 162.5, ఏడోది 215.5, పన్నెండోది సరిగ్గా 324 మి.మీ. దగ్గర పడతాయి. ఒక హెచ్చరిక: ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి కొలిస్తే ప్రతి కొలతలోని చిన్న తప్పూ పోగవుతుంది. ఎప్పుడూ నట్ నుంచే కొలవండి.

ఇటలీలో విన్‌చెంజో గెలీలీ (ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి) 1581లో లూట్ వాద్యానికి 18తో భాగించే పద్ధతిని రాశాడు. ఆ లెక్కన పన్నెండో ఫ్రెట్ తర్వాత 324 బదులు 326.4 మి.మీ. మిగులుతుంది, స్వరం 12 సెంట్లకు పైగా తగ్గుతుంది. పనికిరాని లెక్క అనిపిస్తుంది గానీ, వేలితో నొక్కినప్పుడు తీగ సాగి స్వరం కాస్త పెరుగుతుంది. ఆ లోటును అది కొంత పూడ్చేది.

ట్యూనింగ్ కీ అదే తిప్పుడు తిప్పినా మూడో తీగ ఎగిరిపోతుంది, ఒకటో తీగ నెమ్మదిగా కదులుతుంది. కీ పాడైందా?

కీ బాగానే ఉంది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అర్థమైతే గిటార్ శ్రుతి తప్పే కారణాల్లో సగం అర్థమైనట్టే, అందుకని కొంచెం వివరంగా చెబుతాం.

తీగ బిగువంటే తీగ సాగుదలే. ఒకటో తీగ వదులుగా ఉన్న దశ నుంచి శ్రుతికి వచ్చేసరికి 648 మి.మీ.లో సుమారు 4.6 మి.మీ. సాగుతుంది. రెండోది 2.6 మి.మీ. మూడోది, చుట్టు లేని 17 గేజ్ అయితే, 1.6 మి.మీ. మాత్రమే. ఉన్నదే ఒకటిన్నర మిల్లీమీటరు కాబట్టి అందులో ప్రతి చిన్న కదలికా పెద్ద వంతు అవుతుంది.

18:1 గేరు ఉన్న కీని ఒక పూర్తి చుట్టు తిప్పితే 6 మి.మీ. పోస్ట్ (తీగ చుట్టుకునే కడ్డీ) మీద సుమారు ఒక మిల్లీమీటరు తీగ ఎక్కుతుంది. ఒకటో తీగకి ఆ మిల్లీమీటరు వల్ల బిగువు ఐదో వంతు పెరిగి, స్వరం ఒకటిన్నర సెమీటోన్ల చిల్లర పైకి పోతుంది. మూడో తీగకి అదే మిల్లీమీటరుతో బిగువు సగానికి పైగా పెరుగుతుంది, స్వరం మూడు నుంచి నాలుగు సెమీటోన్లు ఎక్కుతుంది.

కాబట్టి మూడో తీగకి కీని సూది మొనంత తిప్పండి. ఆ తీగే గట్టిగా నొక్కితే తేలిగ్గా పైకి పోతుంది, వేడికి ఎక్కువ జారుతుంది, నట్ గాడిలో ఇరుక్కుంటే అందరికన్నా ముందు అదే బయటపడుతుంది. అకూస్టిక్ సెట్లలో మూడోది సాధారణంగా చుట్టు తీగ. లోపలి ఉక్కు సన్నగా ఉండి ఎక్కువ సాగి ఉంటుంది కనుక ఈ బాధ తక్కువ.

ఏసీ గదిలో ట్యూన్ చేసి స్టేజి మీదికి వెళ్తే శ్రుతి తప్పుతోంది. ఎంత తప్పవచ్చు?

ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది, డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ పైన చెప్పిన సాగుదలలోంచి అది తీసివేతే. గిటార్ చెక్క కదలలేదని అనుకుంటే 10 డిగ్రీల వేడికి ఒకటో తీగ సుమారు 14 సెంట్లు, మూడోది 40 సెంట్ల దాకా దిగుతుంది. వైశాఖంలో బయటి పందిట్లో కచేరీ అయితే గిటార్‌ని కేస్ తెరిచి అరగంట ముందే అక్కడ నీడలో ఉంచి, ఆ తర్వాత ట్యూన్ చేయండి. చేతి వేడి కూడా లెక్కలోకి వస్తుంది: మొదటి పాట అయ్యాక మరోసారి చూసుకోవాలి.

అకూస్టిక్‌కి తేమ సమస్య వేరే. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పైపలక లేచి తీగలు ఎత్తవుతాయి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి సుఖం.

ఓపెన్ తీగలన్నీ ట్యూనర్‌లో సరిగ్గా ఉన్నాయి, కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) పట్టుకుంటే మాత్రం అపశ్రుతి. ఎందుకు?

రెండు చోట్ల వెతకాలి: నట్ దగ్గర, శాడిల్ దగ్గర. రెండింటికీ మూలం ఒకటే, తీగను ఫ్రెట్ దాకా నొక్కినప్పుడు అది సాగుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ 1.6 మి.మీ. ఎత్తులో ఉంటే, నొక్కినప్పుడు సాగేది మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. అయినా ఆ సాగుదలకే మూడో తీగ నాలుగు సెంట్లు పైకి పోతుంది, ఒకటో తీగ ఒకటిన్నర సెంట్లు. ఎత్తు రెట్టింపైతే ఈ తప్పు నాలుగు రెట్లవుతుంది.

ముందు నట్ చూడండి. తీగను రెండో, మూడో ఫ్రెట్ల మధ్య, మూడో దానికి ఆనించి నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు ఎంత ఉందో గమనించండి. పలచని కాగితం పట్టేంత ఉంటే చాలు. విజిటింగ్ కార్డ్ దూరేంత ఉంటే గాడి ఎత్తుగా ఉన్నట్టు. అప్పుడు E, A లాంటి మొదటి మూడు ఫ్రెట్ల కార్డులు ఎప్పటికీ కుదరవు. గాడి లోతు చేయడానికి నట్ ఫైల్ కావాలి. ఒకసారి ఎక్కువ కోస్తే వెనక్కి రాదు, ఓపెన్ తీగ గరగరలాడుతుంది. అలవాటు లేకపోతే మరమ్మతు చేసేవారికే వదిలేయండి.

తర్వాత శాడిల్. కొత్త తీగలు వేసి, బాగా లాగి స్థిరపరచాక మొదలుపెట్టండి. అరిగిన తీగతో చేసిన ఇంటొనేషన్ (నొక్కిన స్వరాలు సరిగ్గా పలికేలా శాడిల్‌ని జరపడం) వృథా. మెడ వంపు, తీగల ఎత్తు ముందే సరిచేసుకోవాలి, ఎందుకంటే ఎత్తు మారితే ఈ పనంతా మళ్లీ మొదటికొస్తుంది. గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టకుండా వాయించే భంగిమలో పట్టుకోండి.

పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు వేలుంచి హార్మోనిక్ మీటి, దాన్ని ట్యూనర్‌లో సున్నాకి తెండి. ఇప్పుడు అదే ఫ్రెట్‌ని మామూలు బలంతో నొక్కి మీటండి. నొక్కిన స్వరం పైన ఉంటే శాడిల్‌ని వెనక్కి, గిటార్ తోక వైపు జరపాలి. కింద ఉంటే నట్ వైపు ముందుకు. 648 మి.మీ. గిటార్‌కి ఒక మిల్లీమీటరు జరిపితే సుమారు 2.7 సెంట్ల మార్పు వస్తుంది. ముల్లు 5 సెంట్లు పైకి చూపితే దాదాపు 2 మి.మీ. వెనక్కి. స్క్రూ తిప్పే ముందు తీగను కొంచెం వదులు చేయండి, లేకపోతే స్క్రూ గాడి అరిగిపోతుంది. ప్రతి జరుపుడు తర్వాత మళ్లీ ట్యూన్ చేసి చూడాలి. మొదటి కొలతను నమ్మి వదిలేయొద్దు.

అంతా అయ్యాక శాడిళ్ల వరుస మెట్లలా కనపడుతుంది: ఒకటి, రెండు, మూడు తీగలకి వెనక్కి వెనక్కి పోయి, నాలుగో తీగకి ఒక్కసారిగా ముందుకు వచ్చి, మళ్లీ ఆరోదాకా వెనక్కి పోతుంది. నాలుగో తీగ పైకి లావుగా కనిపించినా లోపలి ఉక్కు సన్నది కాబట్టే ఆ మెట్టు. మీ గిటార్‌లో ఈ ఆకారం లేకుండా ఎక్కడో ఒక శాడిల్ వింతగా నిలబడితే, ఆ తీగే పాడైందేమో చూడండి.

అకూస్టిక్‌లో శాడిల్‌ని జరపలేం. అందుకే దాన్ని ముందే ఏటవాలుగా, ఆరో తీగ వైపు పొడవెక్కువ ఉండేలా అతికిస్తారు.

లావు తీగ వేస్తే తెగకుండా ఇంకా పైకి ట్యూన్ చేయవచ్చా?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కాదు. తీగ లావైతే మోయగల బరువు పెరుగుతుంది, నిజమే. అదే స్వరానికి రావడానికి కావలసిన బిగువు కూడా సరిగ్గా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 9 గేజ్ ఒకటో తీగకి 6 కిలోలు, 10కి 7.4 కిలోలు, తీగ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే ఉక్కు మీద పడే ఒత్తిడి రెండింటిలోనూ ఒకటే, చదరపు మిల్లీమీటరుకు సుమారు 146 కిలోలు. తెగే స్వరం ఉక్కు నాణ్యతను బట్టి, పొడవును బట్టి ఉంటుంది, మందాన్ని బట్టి కాదు.

పన్నెండు తీగల గిటార్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. మూడో జతలో సన్న తీగను ఒక స్థాయి పైన జికి, 392 హెర్ట్జ్‌కి లాగుతారు. అక్కడ ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 200 కిలోలు దాటుతుంది. ఆ గిటార్లలో మొదట తెగేది సాధారణంగా అదే. అందుకే చాలామంది ఆ గిటార్‌ని ఒకటి రెండు సెమీటోన్లు దించి ట్యూన్ చేసి, కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే పట్టీ) పెట్టి వాయిస్తారు. మా సలహా కూడా అదే.

తెగిన తీగని పారేయకముందు ఎక్కడ తెగిందో చూడండి. శాడిల్ దగ్గరే పదే పదే తెగుతుంటే అక్కడ గరుకు అంచు ఉంది. 600 నంబరు సాండ్ పేపర్‌ని సన్నగా మడిచి ఆ అంచును నునుపు చేయండి. పోస్ట్ దగ్గర తెగితే తీగను పదునైన మడతగా మడిచి వేశారన్నమాట. తీగ కొసన బంతి ఉన్న చోట మెలి విప్పుకుపోతే అది తీగ తయారీ లోపం.

కొత్త తీగలు రెండు రోజులు శ్రుతిలో నిలవవు. తీగ ఇంకా సాగుతోందా?

ఉక్కు పెద్దగా సాగదు. పోస్ట్ మీది చుట్లు బిగుసుకోవడం, మెలి దగ్గర సర్దుకోవడం, వంపుల దగ్గర తీగ ఒదగడం, ఇవే జరిగేవి. సన్న తీగలకి రెండు మూడు చుట్లు, లావు తీగలకి రెండు చుట్లు చాలు. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కిందికి దిగుతూ పడాలి. ట్యూన్ చేశాక పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను రెండు వేళ్లతో పట్టి ఒక సెంటీమీటరు పైకి మెల్లగా లాగి వదలండి, మళ్లీ ట్యూన్ చేయండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే అదే రోజు నిలబడుతుంది.

ట్యూన్ చేసేటప్పుడు ఎప్పుడూ కిందినుంచి పైకే రండి. దాటిపోతే బాగా కిందికి దించి మళ్లీ ఎక్కించండి, లేకపోతే గేరులోని సందు, నట్‌లో ఇరుక్కున్న బిగువు తర్వాత వదులై స్వరం జారుతుంది. కీ తిప్పుతుంటే టిక్కుమన్న చప్పుడు వచ్చి స్వరం గెంతితే నట్ గాడి పట్టేస్తోందన్నమాట. మెత్తని పెన్సిల్ ముక్కుతో గాడిలో రుద్దితే గ్రాఫైట్ జారుడునిస్తుంది.

నైలాన్ తీగల సంగతి వేరు, అవి నిజంగానే వారం దాకా సాగుతూ ఉంటాయి.

హార్మోనిక్ అంటే ఏమిటి? నాలుగో ఫ్రెట్ దగ్గర అది ఫ్రెట్ మీద ఎందుకు దొరకదు?

తీగను నొక్కకుండా తాకితే, ఆ చోట కదలిక లేని అనుస్వరాలు మాత్రమే మిగులుతాయి. పాఠ్యపుస్తకాల్లో ఆ చోటును అస్పందన బిందువు అంటారు. సగం దగ్గర తాకితే రెండోది, మూడో వంతు దగ్గర మూడోది, నాలుగో వంతు దగ్గర నాలుగోది.

పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగం. మూడో వంతు అంటే 216 మి.మీ.; ఏడో ఫ్రెట్ 215.5 దగ్గర ఉంది, తేడా తెలియదు. ఐదో వంతు 129.6 మి.మీ. నాలుగో ఫ్రెట్ మాత్రం 133.7 దగ్గర ఉంది. అందుకే ఆ హార్మోనిక్ కోసం ఫ్రెట్‌కి నాలుగు మిల్లీమీటర్లు నట్ వైపు వేలు పెట్టాలి. సమాన స్వరాంతరాల పద్ధతిలో ఫ్రెట్ పలికే గాంధారం సహజ గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ. ఆ నాలుగు మిల్లీమీటర్లు దానికి కొలత.

ఐదు, ఏడు ఫ్రెట్ల హార్మోనిక్‌లతో ట్యూన్ చేయడం కచ్చితమేనా?

నాలుగు లావు తీగలకి దాదాపు కచ్చితం. ఆరో తీగ ఐదో ఫ్రెట్ హార్మోనిక్ 329.63, ఐదో తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్ 330.00 హెర్ట్జ్. రెండూ కలిపి మోగిస్తే మూడు సెకన్లకు ఒక్కసారి మోత పెరిగి తగ్గాలి. ఈ పెరిగి తగ్గడం (విస్పందనం) పూర్తిగా ఆగేదాకా తిప్పితే రెండు సెంట్లు తప్పుతారు, ప్రతి జతకీ ఆ తప్పు కలుస్తూ పోతుంది. మూడో తీగకీ రెండో తీగకీ మధ్య ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే వాటి మధ్య నాలుగు సెమీటోన్లే ఉన్నాయి.

బ్రిడ్జ్ (శాడిల్‌ని మోసే భాగం) దగ్గర మీటితే పదునుగా, మధ్యలో మీటితే గుండ్రంగా వినిపిస్తుంది. స్వరం మారుతోందా?

స్వరం మారదు, అనుస్వరాల పాళ్లు మారతాయి. ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ అస్పందన బిందువున్న అనుస్వరం పుట్టదు. సరిగ్గా మధ్యలో మీటితే రెండు, నాలుగు, ఆరు, ఇలా సరి సంఖ్యలవన్నీ పోతాయి. బ్రిడ్జ్ దగ్గర మీటితే దాదాపు అన్నీ బతికే ఉంటాయి.

ఈ నియమానికి మన వాద్యాలు ఎదురు నిలిచాయి. వీణ, తంబురాల గుర్రం గిటార్ శాడిల్‌లా పదునైన అంచు కాదు, వంపు తిరిగిన వెడల్పాటి పలక. తీగ కంపించేటప్పుడు ఆ వంపుకు తగులుతూ విడుస్తూ ఉంటుంది. అలాంటప్పుడు అస్పందన బిందువు దగ్గర మీటినా, పుట్టకూడని అనుస్వరం గట్టిగా పలుకుతుందని సి.వి. రామన్ 1921లో చూపించారు. తంబురా తీగ కింద నూలుపోగు పెట్టి జరిపేది ఆ తగులుడిని సరిచేయడానికే.

తీగను పక్కకు లాగి స్వరం పెంచడంలో ఎంత బలం పడుతుంది?

సెమీటోన్‌కి బిగువు 12 శాతం, పూర్తి టోన్‌కి (రెండు సెమీటోన్లకు) 26 శాతం పెరగాలి. సాగుదలలో చూస్తే టోన్‌కి మూడో తీగ 0.4 మి.మీ. సాగితే చాలు, ఒకటో తీగ 1.2 మి.మీ. సాగాలి. మూడో తీగ మీద బెండ్లు సులువుగా రావడానికి కారణం ఇదే.

గమకాలు వాయించేవారికి ఇది మరీ ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎనిమిది తీగల జంటలను వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. జంట తీగలను కలిపి లాగితే బలం రెట్టింపు పడుతుంది, రెండూ సమానంగా సాగకపోతే గమకం మధ్యలోనే అపశ్రుతి వస్తుంది. గిటార్ మీద గమకాలు సాధన చేయాలనుకుంటే 9 గేజ్ సెట్‌తో మొదలుపెట్టడం మంచిది.

కేపో పెడితే తీగలన్నీ కాస్త పైకి పోతున్నాయి.

కేపో కూడా ఒక వేలే, ఎక్కువ నొక్కితే ఎక్కువ సాగదీస్తుంది. ఫ్రెట్‌కి ఆనించి వెనకాలే పెట్టండి, స్క్రూ ఉన్న రకమైతే గరగర ఆగేంత వరకే బిగించండి. శ్రుతుల లెక్క తెలియాలంటే: ఒకటి కట్టె సి, రెండు డి, మూడు ఈ, ఐదు జి, ఆరు ఏ. పాడేవారు ఐదు నుంచి ఆరుకు మారితే జి కార్డులే పట్టుకుని కేపో రెండో ఫ్రెట్‌కి జరపండి.

క్లాసికల్ గిటార్‌కి ఉక్కు తీగలు వేయవచ్చా?

వేయకండి. నైలాన్ సెట్ మొత్తం లాగుడు 40 కిలోల చుట్టూ ఉంటుంది, 12–53 అకూస్టిక్ ఉక్కు సెట్ 70 కిలోలు దాటుతుంది. క్లాసికల్ గిటార్ మెడలో సాధారణంగా ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే లోహపు కడ్డీ) ఉండదు, పైపలక కింది పట్టీలు తేలికవి. బ్రిడ్జ్ ఊడి లేస్తుంది, లేదా మెడ వంగిపోతుంది.

గిటార్ పెట్టె, రంధ్రం స్వరాన్ని మారుస్తాయా?

స్థాయిని మార్చవు. ఒంటి తీగ గాలిని దాదాపు కదిలించలేదు. బ్రిడ్జ్ ద్వారా ఆ కంపనం పైపలకకు చేరి, పలక గాలిని కదిలిస్తుంది. ఏ స్వరం ఎంత గట్టిగా, ఎంతసేపు మోగుతుందన్నది పెట్టె చేతిలో ఉంది.

ఆరో తీగని డికి దించితే గరగరలాడుతోంది.

‘ఈ’ (E) నుంచి డికి దించితే బిగువు 7.9 నుంచి 6.3 కిలోలకు తగ్గుతుంది, తీగ వెడల్పుగా ఊగుతుంది. ఎప్పుడూ అదే ట్యూనింగ్ అయితే 46 బదులు 52 వేయండి, బిగువు మళ్లీ 8 కిలోల దగ్గరికి వస్తుంది. లావు తీగ నట్ గాడిలో కూర్చుంటుందో లేదో చూసి, ఇంటొనేషన్ మళ్లీ చేయాలి. గిబ్సన్ తరహా 628 మి.మీ. గిటార్ అయితే అదే తీగకి, అదే స్వరానికి బిగువు మరో 6 శాతం తక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి.

ట్యూనర్ సరిగ్గానే చూపిస్తోంది, కీబోర్డుతో మాత్రం కలవడం లేదు.

ట్యూనర్ తెర మూలలో 440 ఉందో లేదో చూడండి. పొరపాటున బటన్ నొక్కుకుని 442కో 438కో మారి ఉంటుంది. రెండు హెర్ట్జ్‌కి ఎనిమిది సెంట్ల తేడా వస్తుంది. 440 ఉన్నా కలవకపోతే కీబోర్డు ట్యూన్ సెట్టింగ్ మారిందేమో చూడండి, దాన్ని సున్నాకి తెచ్చాక గిటార్ ముట్టుకోండి.